బయట నలభై ఒకటి

రెడ్డెప్ప కొన్న పాత కారులో ఏసీ పనిచేయదు. వెనక తలుపు ఒకటి లోపలి నుంచి తెరుచుకోదు. పాటల పెట్టె ఎప్పుడో మూగబోయింది. స్టీరింగు వెనక బయటి వేడి ఎంతో చూపించే అంకె మాత్రం రాత్రీ పగలూ నిక్షేపంగా వెలుగుతుంది. ఆ అంకె మీద ఉన్నంత గురి అతనికి కట్టుకున్న పెళ్లాం మీద కూడా లేదు. తంబళ్లపల్లె దగ్గర వాళ్ల పల్లెలో ఎవరైనా ఎండ ఎక్కువగా ఉందన్నారంటే చాలు, పోయి కారు తాళం తిప్పి, అంకె చూసొచ్చి తీర్పు చెప్పేవాడు.

ఆ రోజు ఆ కారు వెనక సీటులో అతని భార్య గంగాదేవి ప్రాణం ఉంది. అంటే, కుప్పంలో తీసుకున్న పట్టుపురుగు పిల్లలు, ట్రేలలో కాగితాల మధ్య. పోయిన ఎండాకాలం పంట పంటంతా వేడికి పోయింది. చచ్చిన పురుగులను గంపలకెత్తి గుంతలో పూడ్చింది ఆమే. రెడ్డెప్ప అప్పుడే తేల్చేశాడు. ఇంకొక్క పంట చూస్తాడట, అదీ పోతే పురుగుల మేతకు పెంచే మల్బరీ తోట పీకేసి టమాటా పెడతాడట. ప్రతి మొక్కా ఆమె చేత్తో నాటిన తోట అది. పీకుతానన్న మాట విన్నప్పటి నుంచి గంగాదేవికి అన్నం సయించడం లేదు.

చల్లపొద్దులోనే మదనపల్లె దాటేయాలని తెల్లవారకముందే కుప్పంలో బయలుదేరారు. పలమనేరులో టైరు పంచరైంది. పుంగనూరు చేరేసరికి ఎండ ముఖం మీదికొచ్చింది, పైగా సంత రోజు. ముందు లారీ, వెనక లారీ, పక్కన గొర్రెల ఆటో. కారు కదిలే దారి లేదు.

అంకె ముప్పై రెండు నుంచి ముప్పై ఆరుకు ఎక్కింది.

"అద్దాలెత్తు మే," అన్నాడు రెడ్డెప్ప. "బయట మంటలు మండతాండాయి. ఆ గాలి తగిల్తే ఒక్కటి మిగలదు."

గంగాదేవి గబగబా అద్దాలెత్తింది. బయటి గాలి దూరుతుందని అతను ఫ్యానూ ఆపేశాడు. ముప్పై తొమ్మిది. ఆమె తడిగుడ్డ పిండి ట్రేల మీద కప్పింది. నలభై. ఇద్దరికీ చెమట ధారలు కట్టింది. నలభై ఒకటి.

అసలు బాధ ఇంకోటుంది. ఆ పురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి. పాత తోలు విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతే దాన్ని జ్వరమంటారు. కుప్పం నుంచి తేవడానికి అదే మంచి సమయం. అయితే జ్వరంలో ఉన్న పురుగు బతికుందో లేదో కళ్లతో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు, రేపు లేస్తేనే తెలిసేది. గంగాదేవి గుడ్డ ఎత్తి చూసింది. ఒక్కటీ కదల్లేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"నీళ్లైపోయినాయి. అంగట్లో అడిగొస్తా," అని తలుపు తీసి దిగింది.

దిగి, అక్కడే నిలబడిపోయింది. చెంపలకు చల్లగా గాలి తగిలింది. టీ అంగడి ఫ్యానేమో అనుకుని చూస్తే, అది తిరగడం లేదు. మబ్బు నీడ ఒకటి రోడ్డు దాటుతోంది. మెడ మీది చెమట హాయిగా ఆరిపోయింది. రాత్రి ఇక్కడెక్కడో వాన పడినట్టుంది.

ఆమె వెనక్కి తిరిగి కారు అద్దం మీద కొట్టింది. "దిగప్పా నువ్వు."

"నలభై ఒకటి సూపిస్తాండాది, యాల దిగేది?"

"దిగి సూడు."

దిగాడు. ఒళ్లంతా తడిసిన చొక్కాతో, నోరు తెరుచుకుని కాసేపు గాలి పీల్చాడు. తర్వాత ముందుకెళ్లి బంపరు దగ్గర చెయ్యి పెట్టి వెంటనే లాక్కున్నాడు. తన ఇంజను సెగ లోపల, ముందు లారీ పొగ ఎదురుగా, కింద కాగిన తారు. పాపం ఆ అంకె కోసం వేడిని కొలిచే ముక్క ఉన్నది అక్కడే, బంపరు వెనక.

"ఇది ఈడి వేడి సెప్తాండాది గంగా," అన్నాడు మెల్లగా. "ఊరిది కాదు."

"మనమేమో పురుగుల్ని పొయ్యిలో పెట్టి మూతేసినాం," అంది ఆమె.

అప్పటికి ఆమె తలుపులన్నీ బార్లా తీసేసింది, తడిగుడ్డలూ లాగేసింది. దారి దొరికాక అద్దాలు పూర్తిగా దించుకునే వెళ్లారు. కారు పరుగెత్తే కొద్దీ అంకె సిగ్గుపడినట్టు దిగుతూ వచ్చింది. మదనపల్లె మార్కెట్టు దగ్గర మళ్లీ ఆగాల్సొస్తే మళ్లీ ఎక్కింది. రెడ్డెప్ప భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పేశాడు. గంగాదేవి నవ్వలేదు. నవ్వేంత ధైర్యం ఆమెకింకా రాలేదు.

ఆ రాత్రి ఇద్దరూ సరిగా నిద్రపోలేదు. తెల్లారగానే ఆమె పురుగుల షెడ్డులోకి పోయింది. అతను లోపలికి రాలేక గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఏమే?"

ఆమె ఒంగి చూస్తూ ఉంది. ట్రే అంచున ఒకటి మెడ తిప్పింది. దాని పక్కది కొత్త తోలుతో, ముడతలు ముడతలుగా, మేత వెతుక్కుంటూ పాకింది. తర్వాత ట్రే అంతా కదిలింది.

"ఆకు తే," అంది గంగాదేవి. "ఆకలిగొనుండాయి."

రెడ్డెప్ప కొడవలి అందుకుని, పీకేస్తానన్న తోటలోకి పరుగెత్తాడు. గోడ అవతల నుంచి పక్కింటి తిమ్మప్ప అడిగాడు, "రెడ్డెప్పా, ఈ పొద్దు ఎండ ఎంతుండాదప్పా?"

కారు పక్కనే ఉంది. రెడ్డెప్ప అటు చూడకుండా చెయ్యి గాలిలోకి చాచాడు.

"సల్లగుండాది," అని చెప్పి, ఆకు కోయడానికి ఒంగాడు.