పొట్టు కలిపిన మూట

పన్నెండో చేట ఇసుక పోసి, మూతి ముడేసి, సుంకప్ప గోనెసంచిని వీపుకెత్తుకున్నాడు. ఉరవకొండలో అప్పటికి చాలా వాకిళ్లు ఊడ్వనేలేదు. ఇంటి నుంచి కొండ కింది బండ దాకా పోయి రావడం రోజూ అతని పని.

టీబీ మాత్రలు మింగిన ఆర్నెల్లూ, బలం ఒంట్లోకి ఏ దారిన వస్తుందోనని దొంగకు కాపు కాసినట్టు కాచాడు. మొదట పిక్కల్లోకి వచ్చింది. తర్వాత నడుములోకి. ఊపిరి మాత్రం అలిగిన అల్లుడిలా అన్నిటికంటే ఆలస్యం చేసింది. ఇరవై రెండేళ్లు మూటలు మోసి మెడ వెనక కాసిన కాయ మంచంలో మెత్తబడిపోయింది. అది మళ్లీ గట్టిపడుతోందా అని ఎప్పుడూ తడిమి చూసుకునేవాడు.

ఇంటికొచ్చి సంచి దించగానే హనుమంతమ్మ మొగుడికి రాగిజావ అందించింది.

"సచ్చి బతికినోనికి ఈ ఇసుక మోసే పిచ్చేందయ్యా?"

"యెంత మోయగలనో సూడాలని ఉండాదే."

శనక్కాయల మిల్లులో హమాలీల జట్టుకు ఒక కట్టుబాటు ఉంది. జబ్బుపడి లేచినవాడు అందరి ముందూ ఎనభై కిలోల శనక్కాయ విత్తనాల మూటను, నేల నుంచి వాలుగా వేసిన చెక్కబల్ల మీదుగా లారీకెక్కించాలి. అప్పుడే సమాన వాటా. ఆ రోజు సుంకప్ప వంతు. ఎక్కిస్తే జట్టులో చోటు, లేకపోతే ఇంటి దారి.

మేస్త్రీ ఓబుళేసు తానే మూటెత్తి వీపున పెట్టాడు. బనియను కింద పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్నా సుంకప్ప కాళ్లు వణకలేదు. బల్ల ఎక్కి మూట లారీలో వేశాడు. జట్టంతా ఈలలు వేసింది.

సుంకప్ప మాత్రం బల్లనే చూస్తూ నిలబడ్డాడు. నిండు మూటకు నడుమ వంగాల్సిన బల్ల వంగలేదు. పైగా పొద్దున మోసిన ఇసుకే ఇంతకన్నా బరువు.

"ఓబుళేసన్నా, దాన్ని దించి కాటా మీద పెట్టు."

"ఎందుకప్పా? ఎక్కించినావు కదా."

"పెట్టన్నా, సూస్తాం."

ముల్లు యాభై రెండు దగ్గర ఆగింది. ఓబుళేసు తల వంచుకున్నాడు. "నడుమ పొట్టు కలిపినా. నువ్వు జట్టులోకి రావల్లని."

సుంకప్పకు సిగ్గేసింది, కోపమొచ్చింది, ఆ మనిషిని కావలించుకోవాలనీ అనిపించింది. ఏదీ చేయకుండా నిజమైన మూట ఒకటి ఎత్తమన్నాడు. ఈసారి బల్ల వంగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో అడుగుకు ఊపిరి అందలేదు. వెనక నుంచి ఓబుళేసు మూట పట్టుకోకపోతే కింద పడేవాడే.

కూర్చుని చాలాసేపు రొప్పాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలోనే చిన్న నవ్వు వచ్చింది. "నాలుగడుగులు పోయినానన్నా. పోయిన నెల అయితే ఎత్తుకోనేలేను."

"ఉండప్పా. నీ భాగం మేం మోస్తాం."

"ఆర్నెల్లు నా భాగం మోసినారు, సాలు. అయిదో అడుగు పడిన పొద్దు వస్తా."

తుండు దులిపి భుజాన వేసుకుని గేటు దాటాడు. తర్వాతి లారీ వచ్చి హారను కొట్టినా, కాటా మీది మూటను పక్కకు జరపడానికి జట్టులో ఎవరికీ చెయ్యి రాలేదు. ముల్లు యాభై రెండు మీదే ఉంది.