నైరుతి చక్రం

పొద్దున్నే నంద్యాలలో విత్తనాల అంగడి తెరిచి, గడప ముందు నీళ్లు చల్లించి, దేవుడి పటానికి ఊదొత్తి చూపించి, విశ్వేశ్వరయ్య శెట్టి బేతంచెర్ల బండ మీద కూర్చుంటాడు. మిగతా అంగళ్లలో గల్లాపెట్టె వెనక కుర్చీలుంటాయి. ఈయన కింద కుర్చీలు ఆగవు. లేని గొప్ప ఒకటి చెప్పుకున్నప్పుడల్లా ఆయన ఒంట్లో బరువు పెరుగుతుంది. గొప్ప ఎంత పెద్దదైతే బరువూ అంత. నోరు మూసుకుని ఒక నిద్ర తీస్తే దిగిపోతుంది. కొందరికి వంకాయ పడదు, ఆయనకు గొప్పలు పడవు. అయినా మానడు. శిరివెళ్ల వైపు పోయే ఆటోవాళ్లు ఎక్కించుకునే ముందే చెప్తారు, "దిగేదాకా మాట్లాడొద్దు శెట్టీ, టైర్లు కొత్తవి."

ఇలాంటి మనిషికి కాస్త సిగ్గుండాలి. "ఈ చుట్టుపక్కల పత్తి పండుతాందంటే అంతా నా సలహానే" అంటాడు. కింద బండ కిర్రుమంటుంది. ఎదురుగా నిలబడ్డవాళ్లు ఆ చప్పుడు విని కూడా "ఔను శెట్టీ" అని తల ఊపుతారు, ఆయన తెప్పించే టీ కోసం. వీళ్లు ఆయనకంటే ఏమంత మెరుగో చెప్పడం కష్టం.

ఆయన కూతురు కీర్తి తక్కువ మాట్లాడుతుంది. విమానం నడపడం బయట ఎక్కడో నేర్చుకుని వచ్చి, ఊరి చివర ఖాళీగా పడున్న పత్తి గోదాములో ఇద్దరు పట్టే చిన్న విమానం కట్టడం మొదలుపెట్టింది. మొదట ఊరంతా నవ్వింది. రెక్కలు మొలిచాక, ఆ నవ్విన మొహాలే రెక్కల పక్కన నిలబడి ఫోటోలు తీసుకుని పోయాయి. కీర్తి వాళ్ల నవ్వును పట్టించుకోలేదు, ఫోటోలనూ పట్టించుకోలేదు.

చివరికి మిగిలింది కాళ్ల పని. ముందొక చక్రం, వెనక రెండు. వెనక రెండూ ఎదురుగా సూటిగా చూడాలి. ఏ ఒక్కటి కాస్త పక్కకు చూసినా, పరుగు అందుకున్నాక విమానం ఆ పక్కకు ఈడ్చుకుపోయి బోర్లాపడుతుంది. లోపల ఉన్నవాళ్లు బతకరు. అందుకని కీర్తి ముక్కు నుంచి, తోక నుంచి తూకపు గుండ్లు వేలాడదీసి, కింద గచ్చు మీద గుర్తులు పెట్టింది. ముగ్గుపిండి పట్టించిన దారం లాగి కొట్టి, తెల్లటి గీత వేసింది. ఆ గీత నుంచే చక్రాలను కొలవాలి. అయితే ఖాళీ విమానాన్ని కొలిచి లాభం లేదు. మనిషి ఎక్కితే కాళ్లు కొంచెం ఎడంగా సాగుతాయి. ఎగిరేటప్పుడు ఎంత బరువు ఉంటుందో అంత బరువు పెట్టి కొలవాలి.

"నేను కూచ్చుంటాలే పాపా" అన్నాడు శెట్టి.

"నోరు మూసుకుని కూచ్చుంటావా నాయనా?"

"నేనేం పసిపిల్లోన్నా?"

ఎక్కి కూర్చున్నాడు. కీర్తి నేల మీద పడుకుని స్కేలు పట్టుకుంది. అట్లా కాసేపు కూడా గడవలేదు, శెట్టి కిందికి వంగి, "ఈ కాళ్లు ఇట్ల ఉండాలని ముందు చెప్పింది నేనే గదా ఎలీషా" అన్నాడు. కాళ్లు సాగాయి, స్కేలు మీద అంకె జరిగింది. ఎలీషా శిరివెళ్లలో ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీ, వెల్డింగు పనికి వస్తున్నాడు. ఎదురుగా ఎవరుంటే వాళ్ల మాటే అతని మాట. "ఔను శెట్టీ" అన్నాడు.

"దిగు నాయనా" అంది కీర్తి.

మర్నాడు ఆమె నోరులేని బరువు కోసం ఆళ్లగడ్డ పోయింది. అక్కడ శిల్పి చెన్నకేశవులు ఆవరణలో, ఎన్నికల్లో ఓడిపోయిన నాయకుడి రాతి విగ్రహం ఒకటి కుర్చీలో కూర్చున్న భంగిమలో చెక్కింది, పడి ఉంది. చేయించిన అనుచరులు ఓటమి తర్వాత ఆ వీధిలోకే రాలేదు. "తీస్కపోమ్మా, నాకూ అడ్డంగానే ఉండాది" అన్నాడు చెన్నకేశవులు. కీర్తి దాన్ని తెచ్చి సీట్లో కూర్చోబెట్టింది, బరువు సరిపోయింది. బతికున్న నాయకుడు ఎన్ని కోతలు కోశాడో ఆయన నియోజకవర్గానికి తెలుసు. ఈ రాయి మాత్రం బుద్ధిగా కూర్చుంది. గీత కదల్లేదు, అంకె కదల్లేదు. చక్రాలు రెండూ సూటిగా చూశాయి. కీర్తి బోల్టులు బిగించి, కాళ్ల మొదట్లో రేకు తొడుగులు వేసి, విగ్రహాన్ని తిరిగి ఇవ్వడానికి ఆళ్లగడ్డ బయల్దేరింది. ఇంకో నాయకుడి మనుషులు వచ్చారట, తల ఒక్కటి మారిస్తే చాలన్నారట.

ఆమె అటు పోగానే శెట్టి వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. బోరుబావికీ ఆయనే, గొడ్ల కొట్టానికీ ఆయనే, కాబట్టి విమానానికీ ఆయనే. సిద్ధాంతి దాని చుట్టూ తిరిగి, కళ్లు మూసుకుని, పెదవి విరిచాడు.

"ముఖం తూర్పుకుండాది. ఈ కుడి చక్రం నైరుతి. నైరుతి ఎత్తుండాల శెట్టీ. ఇట్ల సమానంగా ఉంటే ఎగిరినా నిలవదు."

"నేనూ అదే అనుకుంటాండా సామీ" అన్నాడు శెట్టి, గచ్చు సన్నగా పగిలింది.

విమానం ముఖం పడమటికి తిప్పితే అదే చక్రం ఈశాన్యమవుతుందన్న సంగతి అక్కడున్న ముగ్గురు మగాళ్లలో ఒక్కడికీ తట్టలేదు. ఎలీషా తొడుగు విప్పి, కాలు విమానం పొట్టకు బిగిసే చోట ఇనుప బిళ్ల ఒకటి దూర్చాడు. ఉన్న బోల్టులు పొడవు చాలలేదు. సంచిలో వెతికి ట్రాలీకి వాడే పాత బోల్టులు వేశాడు. చక్రం రవ్వంత బయటికి చూసింది. ఎలీషా అది చూశాడో లేదో, తొడుగు మాత్రం మూసేశాడు.

"పాపకు చెప్పగాకు."

"నేనెందుకు చెప్తా శెట్టీ."

సాయంత్రం కీర్తి వచ్చి తొడుగు మీద నూనె వేళ్ల మరక చూసింది.

"ఎవురన్నా ముట్టుకున్యారా నాయనా?"

"నేనుండంగా ఎవురు ముట్టుకుంటారు? కన్ను మూయకుండా కాపలా ఉన్నా."

గోదాము ముందు నల్లమట్టిలో ఆయన చెప్పులు మడమ దాకా దిగాయి. ఆయన అడుగులు లోతుగా పడడం ఆ ఇంట్లో కొత్త కాదు, అందుకని ఆమె చూడలేదు. గీత కోసం చూస్తే గీత లేదు. తెల్లారితే విమానానికి పూజ ఉందని తల్లి సుబ్బలక్ష్మమ్మ గచ్చంతా శుభ్రంగా కడిగేసింది. మళ్లీ గీత వేసి కొలుద్దామంటే బరువుకు రాయి లేదు, ఆళ్లగడ్డలో దాని తల అప్పటికే తీసేసుంటారు. కీర్తి అలసిపోయి వదిలేసింది. అది ఆమె తప్పే.

మర్నాడు పొద్దున గడివేముల దారిలో రోలరుతో గట్టిపరిచిన బీడు మీదికి విమానాన్ని తోసుకుపోయారు. ఎగరడానికి అనుమతి ఉంది, గాలి నెమ్మదిగా ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. ఊళ్లో పనిలేనివాళ్లంతా వచ్చారు. కీర్తి ఎక్కబోతుంటే శెట్టి అడ్డం వచ్చాడు.

"ఒక్క ఫోటో పాపా. నేను దిగినాక నువ్వు ఎక్కు."

సీట్లో కూర్చున్నాక, లోకల్ ఛానెల్ వాడెవడో మైకు అందించాడు. మైకు దొరికిన శెట్టిని ఆపడం ఎవరి తరం.

"ఈ చక్రాలు నా చేతుల్తో నేనే బిగించినా" అన్నాడు. నిమ్మకాయలు చితికాయి. "దారం పట్టింది నేను, కొలిచింది నేను." కాళ్లు ఎడంగా సాగాయి.

"నాయనా, దిగు" అంది కీర్తి.

"అసలు నా బిడ్డకు ఎగరడం నేర్పిందే నేను."

ట్రాలీ బోల్టు ఫట్‌మని తెగింది. కుడి కాలు మడుచుకుపోయింది, రెక్క నేలకు కొట్టుకుంది. జనం పరిగెత్తి శెట్టిని బయటికి లాగారు. కొందరు లాగకుండా వీడియో తీశారు.

కీర్తి వంగి చూసింది. చీలిన తొడుగులోంచి ఇనుప బిళ్ల బయటికి వచ్చి ఉంది. పక్కనే తెగిన బోల్టు, బయటి పక్కకు చూస్తున్న చక్రం. పరుగు మీద ఉండగా ఇది తెగి ఉంటే ఏమయ్యేదో ఆమెకు అర్థమైంది. భయమేసింది. ఆ వెంటనే భయం కంటే ఎక్కువగా అసహ్యం కలిగింది.

"ఈ బిళ్ల యాడిది ఎలీషన్నా?"

"శెట్టి పెట్టమన్యాడు. నైరుతంట."

సిద్ధాంతి కోసం చూశారు. ఆయన అప్పటికే ఎవరిదో బండి వెనక ఎక్కి పోతున్నాడు.

"ఇంగొంచేపుంటే నేను ఎక్కేదాన్ని నాయనా" అంది కీర్తి.

వేరే తండ్రి అయితే అక్కడే కూలబడి ఏడ్చేవాడు. శెట్టి పంచె దులుపుకున్నాడు, కింద పడ్డ మైకు తీసుకున్నాడు.

"చూసినారా అప్పా? నేను కూచ్చోకపోయింటే ఏమయ్యుండు? నా బిడ్డను నేనే కాపాడినా."

అలవాటు కొద్దీ అందరూ వెనక్కి జరిగారు. సుబ్బలక్ష్మమ్మ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని లాగేసుకుంది. అందరి కళ్లూ ఆయన కాళ్ల మీదే. ఇందాకటి కోతల బరువుకు చీలమండల దాకా దిగిన కాళ్లు అక్కడే ఆగాయి. కీర్తి ఆ మట్టి కదలాలని చూసింది, గట్టిగా కోరుకుంది. మట్టి కదల్లేదు.

ఆమె ఆయన చేతిలోంచి మైకు తీసుకుని ఆపేసింది.

"చాలు. నడిచి రా ఇంటికి. నిన్ను ఆటో ఎవురూ ఎక్కించుకోరు."

ఆయన నడిచే వచ్చాడు, దారిలో ఎదురైన ప్రతివాడికీ ఆ ఒక్క మాటే చెప్పుకుంటూ.

కీర్తి ఇప్పుడు గోదాముకు తాళం వేసి కొత్త కాలు బిగిస్తోంది. తాళంచెవి ఎవరికీ ఇవ్వదు. అంగట్లో బండ తీసేశారు. శెట్టి మామూలు ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, వేరే గొప్పలన్నీ మానేసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిడ్డను తనే ఎట్లా కాపాడాడో చెప్తున్నాడు. కుర్చీ కిర్రుమంటుందేమోనని వినేవాళ్లు చెవులు రిక్కిస్తారు. అది కిక్కురుమనదు. ముగ్గుపిండి కొనడానికి అటు పోయే కీర్తిని ఆపి, "నిజమేనామ్మా?" అని అడుగుతారు.

"నిజమే" అంటుంది కీర్తి, ఆగకుండా.