మూపురం బండి

ఆ పేరు పెట్టింది పెబ్బేరు సంతలోని ఎడ్ల బేరగాళ్లు. దేవరాజు మోటార్‌సైకిల్‌కు వెనక మనిషి కూర్చునే సీటు లేదు. ఆ చోట ప్లాస్టిక్ డొప్ప ఒకటి ఉబ్బెత్తుగా బిగించి ఉంది.

"ఏందిరో దేవరాజు, బండికి మూపురం లేసింది? పండ్లు గూడ సూపియ్యి, వయసు జెప్త" అనేవారు.

దేవరాజు నవ్వి ఊరుకునేవాడు. మూపురం వచ్చి ఏడాది దాటింది.

దేవరాజు, ఆయన భార్య జములమ్మ గద్వాలలో ఉంటారు. పశువులకు పగ్గాలు, ముకుతాళ్లు పేనుతారు. వాటితోపాటు మెడగంటలు అమ్ముతారు. మూపురం రాకముందు, వేరే బండి ఉన్నప్పుడు, సంత రోజు తెల్లవారగానే ఒక మూట ట్యాంకు మీద, ఒక మూట జములమ్మ ఒళ్లో పెట్టుకొని బయలుదేరేవారు. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, ఆ తర్వాత పెబ్బేరు. గంటల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అందుకని జములమ్మ ఎడమ చేతి ఉంగరంతో సీటు వెనక పట్టుకునే ఇనుప కడ్డీని కొట్టేది. ఒకసారి కొడితే పోనియ్యి. రెండుసార్లు కొడితే ఆపు. దేవరాజు తిరిగి చూసే పని ఉండేది కాదు. వంతెన మీద ఆమె ఎప్పుడూ రెండుసార్లు కొట్టేది. కృష్ణలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూడాలి ఆమెకు. ఆయన ఆపేవాడు, బీడీ వెలిగించేవాడు. ఆమె చూడటం అయ్యాక ఒకసారి కొట్టేది.

కడ్డీ మీద ఉంగరం తగిలే చోట రంగు పోయి ఇనుము బయటపడింది.

ఆ పాత బండి ఇంజన్ పోయింది. తుక్కుకు వేసే రోజున జములమ్మ కడ్డీ మాత్రం ఊడదీయించింది. "గిది నాది" అంది. ఇంట్లో మేకుకు తగిలించి దాని మీద పగ్గాలు ఆరేసేది.

దేవరాజు ఒక కాలేజీ పిల్లవాడి దగ్గర పాత బండి ఇంకొకటి కొన్నాడు. ఆ పిల్లవాడు ఒంటరిగా తిరగడానికి వెనక సీటు, కడ్డీ తీసేసి డొప్ప బిగించుకున్నాడు. బండితోపాటు సీటు సంచిలో పెట్టి ఇచ్చాడు. కడ్డీ ఎక్కడో పోయిందన్నాడు. దేవరాజు డొప్ప తీసి సీటు పెట్టాడు. మొదటి సంతకే జములమ్మ సీటు పట్టీ పట్టుకొని కూర్చుంది. ఎర్రవల్లి దగ్గర స్పీడ్‌బ్రేకర్ మీద బండి ఎగిరింది. ఆమె రోడ్డు పక్కన పడింది. ఎడమ మణికట్టు విరిగింది.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు దేవరాజు సీటు తీసి డొప్ప మళ్లీ బిగించాడు. జములమ్మ గడపలో నిలబడి చూసింది.

కట్టు విప్పారు. చెయ్యి పనికి వచ్చింది. డొప్ప అలాగే ఉంది. ఆమె ఇంట్లో పగ్గాలు పేనేది, ఆయన ఒక్కడే సంతకు పోయేవాడు. బేరం ఆడేది ఎప్పుడూ జములమ్మే. ఆయనకు బేరం మాటలు రావు. సగం మూట తిరిగి వచ్చేది. సాయంత్రం ఆమె వాకిట్లోంచి ఏదైనా అడిగితే జవాబు ఉండేది కాదు. తాను పడిపోయి ఖర్చు పెట్టించినందుకు ఆయనకు కోపం పోలేదనుకుంది. తనను ఇక సంతకు రానివ్వడనుకుంది.

మొన్న సంతకు ముందు రోజు ఆమె మేకు మీది కడ్డీ తీసి గుడ్డలో చుట్టింది. సీటు సంచి చేతికి తగిలించుకొని మున్నా మెకానిక్ దుకాణానికి నడిచింది. మున్నా వాళ్లిద్దరినీ వరసకు మామా, అత్తా అని పిలుస్తాడు. "నీ మామను బండి తెమ్మని ఫోన్ చెయ్యి" అంది.

దేవరాజు వచ్చాడు. కడ్డీ చూశాడు.

"ఏమే, గిదేంది?"

"మూపురం తియ్యాలె. నా కడ్డీ పెట్టాలె. నేను రేపు సంతకొస్త."

"వద్దు."

"ఎందుకొద్దు?"

మున్నా ఇద్దరినీ చూసి పానా తీసుకున్నాడు. "మామా, మీ పంచాయితీ మీరు నడిపియ్యిండ్రి. నేను డొప్ప ఊడదీస్త. తీస్తే పోయేదేముంది, మళ్ల పెట్టొచ్చు" అన్నాడు.

డొప్ప వచ్చేసింది. సీటు కూర్చుంది. కడ్డీ దగ్గర పని ఆగింది. పాత బండి కడ్డీ రంధ్రాలు ఈ బండి రంధ్రాలకు కలవలేదు. మున్నా రెండు ఇనుప పట్టీలు కోసి, రంధ్రాలు వేసి, వాటి మీద కడ్డీ నిలబెట్టాడు. పొడుగు బోల్టులు వేసి బిగించాడు. రెండు చేతులతో పట్టి లాగాడు. బండి కదిలింది, కడ్డీ కదల్లేదు. అత్త చెయ్యి విరిగిన చెయ్యి కదా అని, అడక్కుండానే దానికి రబ్బరు తొడుగు వేశాడు.

"ఎక్కు అత్తా."

జములమ్మ ఎక్కి ఒక పక్కకు తిరిగి కూర్చుంది. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుంది. దేవరాజు బండి స్టార్ట్ చేసి ఆగాడు. ఆమె ఉంగరంతో కొట్టింది. బండి కదల్లేదు. మళ్లీ ఒకసారి కొట్టింది.

"పోవయ్యా!"

"నువ్వు కొట్టంది ఎట్ల పోత?"

"కొట్టిన గదా!"

మున్నా నాలుక కరుచుకున్నాడు. రబ్బరు వల్ల చప్పుడు రాలేదనుకొని, బ్లేడు తెచ్చి తొడుగు చీల్చి తీసేశాడు. జములమ్మ మళ్లీ కొట్టింది. ఈసారి పక్క టీ బండి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు. దేవరాజు క్లచ్ పట్టుకొని అలాగే కూర్చున్నాడు.

జములమ్మ బండి దిగింది. ముందుకు వచ్చి ఆయన ముఖంలోకి చూసింది.

"ఇనొస్తలేదా నీకు?"

దేవరాజు బండి ఆపేశాడు. "జర తక్కువ ఇనొస్తది" అన్నాడు.

"ఎప్పటిసంది?"

"నిరుటిసంది. నువ్వు పడకముందే."

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వు వెనక కొట్టేది ఇనరాకనే గదా, ఆనాడు బండి ఆపలే? నువ్వు రెండుసార్లు కొట్టినవంట. పట్టీ జారుతుందని. దవాఖానల ఎవరికో జెప్తుంటే ఇన్న."

జములమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పట్టీని కొడితే సప్పుడైతదా? గుడ్డపట్టీ అది. అలవాటు కొద్దీ కొట్టిన. నువ్వు చెవులు మంచిగున్నోడివైనా ఇనరాదు."

"మరి డాక్టర్ గూడ బండెక్కొద్దన్నడు."

"నెల రోజులన్నడు!"

"ఆఁ?"

"నెల! ఒక్క నెల ఎక్కొద్దన్నడు. నువ్వు సగమే ఇని ఏడాది మూపురం మోసినవు."

మున్నా నవ్వు ఆపుకోలేక పానా వెతుకుతున్నట్టు షెడ్డులోకి పోయాడు.

జములమ్మ మళ్లీ ఎక్కి కూర్చుంది. ఎడమ చెయ్యి కడ్డీ మీద వేసింది. కుడి చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు ఒళ్లో ఉంచుకుంది. ఇన్నేళ్లలో బజారులో ఆయనను తాకి కూర్చున్నది లేదు. తర్వాత ఆయన భుజం మీద అరచెయ్యి వేసింది.

"బజార్ల ఏందే గిది?" అన్నాడు దేవరాజు, తల తిప్పకుండా.

జములమ్మ ఆయన భుజం మీద ఒకసారి తట్టింది. దేవరాజు క్లచ్ వదిలాడు.