డ్రై డాక్‌లో పదకొండు రోజులు

ఆవిడ ఆ ఓడను సవతి అనే పిలిచేది. పెళ్ళయిన కొత్తలో సరదాకి అన్న మాట అది. పోనుపోను సరదా పోయి మంట మిగిలింది.

ఆయన ఆ లైట్ క్రూయిజర్ యుద్ధనౌకలో చీఫ్ ఇంజనీరు. ఓడను తుక్కు కింద కొట్టేశాక, దాని సేవా చరిత్ర రాసిమ్మని నౌకాదళం వాళ్ళు ఆయన్నే అడిగారు. ఆయనకి చేయి వణుకు. అందుకని ఆయన చెబుతుంటే రాసే పని ఆవిడ నెత్తిన పడింది. సవతి జీవిత చరిత్ర రాసే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది!

జలప్రవేశం, తొలి గస్తీ, తుపానులో సరుకు ఓడను లాక్కొచ్చిన రోజు, అన్ని తేదీలూ ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇంట్లో ఒక్క తేదీ గుర్తుండని మనిషి! ఆవిడకి ఒళ్ళు మండింది. అయినా రాసింది.

"మార్చి తొమ్మిది నుంచి పంతొమ్మిది దాకా డ్రై డాక్. రేవులో నీళ్ళు తోడేసి, ఓడను పొడినేల మీద నిలిపి మూడో బాయిలర్ గొట్టాలు మార్చాం. సగం మంది చొప్పున అందరికీ సెలవిచ్చారు. నా వంతు నేను వదులుకున్నా. బాయిలర్ తెరిస్తే మళ్ళీ మూసేదాకా పక్కనుంచి కదిలేవాణ్ణి కాదు. అదీ రాయి," అన్నాడు గర్వంగా.

"ఏ ఏడు?"

"కొత్త కెప్టెన్ వచ్చిన ఏడు."

కలం ఆగిపోయింది. ఆ మార్చిలోనే ఆవిడ రెండు రోజులు నొప్పులు పడి కొడుకును కన్నది. తల్లీబిడ్డా ఇద్దరూ బతకడం కష్టమన్నారు. ఓడ నడిసముద్రంలో ఉందనీ, కబురే అందలేదనీ ఆయన తర్వాత చెప్పాడు. ఆవిడ నమ్మింది. దెప్పిన పుట్టింటివాళ్ళ నోళ్ళు కూడా మూయించింది.

"సముద్రంలో ఉన్నామన్నారుగా?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. "ఆ గొట్టాలు తేడా వస్తే ఐదొందల ప్రాణాలే..."

"ఇక్కడ రెండే లెండి. కబురు అందిందా?"

"అందింది."

ఇన్నేళ్ళూ సవతి మొగుణ్ణి లాక్కుపోయిందని ఏడ్చింది ఆవిడ. అది లాక్కుపోలేదు, ఆయనే వెళ్ళి కూర్చున్నాడు. ఆ తుక్కు ఇనుము మీద ఆవిడకి ఈర్ష్య రెట్టింపయింది. కాగితం మీదికి వంగి, రాస్తూ పైకి చదివింది.

"చీఫ్ ఇంజనీరు బాయిలర్ దగ్గరే ఉన్నారు. ఆ వారంలోనే భార్య ప్రసవించిన కబురు అందినా ఇంటికి వెళ్ళలేదు."

కొట్టేయమంటాడనుకుంది. ఆయన తల దించుకుని, "వారం అని కాదు. వాడు పుట్టింది పద్నాలుగున, సాయంత్రం ఐదూ ఇరవైకి. సరిగ్గా రాయి," అన్నాడు.

ఇంటి తేదీలన్నీ మర్చిపోయాడనుకున్నన్నాళ్ళూ క్షమించడం సులువుగానే ఉండేది. ఆవిడ తేదీ దిద్ది, టైము కూడా వేసింది.