మూడొద్దుల మైల

2006 జూన్ 14 ఉదయం ఆరుంబావుకు అంతరిక్ష కేంద్రంలో గాలిని శుద్ధి చేసే యంత్రం ఆగిపోయింది. లోపల ముగ్గురున్నారు. గాలి సాయంత్రం దాకా సరిపోతుంది. పాత కేంద్రం, వారానికొకటి చెడుతూనే ఉంది. అయినా కింద భూమ్మీద సరిహద్దులో యుద్ధం నడుస్తోంది కాబట్టి కింది ఆఫీసు అన్న మొదటి మాట, ఎవరో కావాలని చెడగొట్టారని. తేలితే దేశద్రోహం.

నాయకుడు శ్రవణ్ కుమార్‌ది కల్వకుర్తి. "ఏంది నవనీతా, తమ్ముడు పోయినకాడికెల్లి నీ మనసు మనసుల లేదు. ఏమన్న కదిపినవా?"

"కదపలే సార్."

"మరెట్ల ఆగింది?"

"తెల్వదు."

నిజంగానే తెలియదు. తమ్ముడు సుదర్శన్ ఆ యుద్ధంలోనే చనిపోయాడు. నాలుగు రోజుల కింద గద్వాల నుంచి అత్త అలివేలమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఏడ్వకు బిడ్డా, ఆడ నలుగుట్ల ఉన్నవ్. పెండ్లైన పిల్లకు మూడొద్దులే మైల. ఆ తర్వాత మామూలే." వెనక నుంచి భర్త, "దాని డ్యూటీ చెడగొట్టకే అమ్మా" అన్నాడు. తండ్రి పోయినప్పుడు పుట్టిల్లు ఇటిక్యాలలో మూడు రోజులు ఆమెను ఎవరూ పని ముట్టనివ్వలేదు. పెళ్ళయ్యాక చేతులు ఊరికే ఉన్నది అప్పుడే. ఇక్కడ కూర్చుందామన్నా కూర్చునే వీలు లేదు. డ్యూటీ మాత్రం చేసింది. కొలతలు తీసింది, కిందికి పంపింది. చేయనిది ఒకటే, యంత్రం వెనక జాలీకి పట్టే దుమ్మూ వెంట్రుకలూ తుడవడం. అది ఎవరి డ్యూటీలోనూ లేదు. వచ్చిన వారంలో శ్రవణ్ కుమార్ "నీ చెయ్యి పడితే ఇల్లులెక్క ఉంటది" అన్నాడు. అప్పటినుంచి ఆ పని ఆమెదైంది. గుడ్డ పట్టుకొని అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చినట్టు గుర్తు. మరిచిందా, మానుకుందా? తమ్ముడి కోసమా, వీళ్ళ మీద కోపమా? యంత్రం ఆగుతుందని తెలుసా? తెలిసే ఉంటుంది. తెలియదేమో.

మూడో మనిషి ఇమ్మానుయేల్ తీగలన్నీ చూసి వచ్చాడు. "ఏడ తెగలే సార్. దుష్మన్‌గాడు దయ్యంలెక్క వచ్చిపోయిండు."

"జాలీ చూడుండ్రి," అంది నవనీత.

"ఏ జాలీ?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

ఆమె జాలీ తుడిచే గుడ్డను శ్రవణ్ కుమార్ వైపు వదిలింది. అది తేలుతూ వెళ్ళి అతని ఛాతీకి తగిలింది. అతను ఆమెను చూశాడు, గుడ్డను చూశాడు.

"మూత ఎటు తెరుసుకుంటది?"

"ఎడమకు."

ఏడూ పదికి యంత్రం మళ్ళీ తిరిగింది. కారణం ఏమిటని కింది ఆఫీసు అడిగింది. నవనీత మైకు తీసుకుంది.

"మూడు రోజులుగా ఎవరూ జాలీ తుడవలేదు."