హిలేర్ ట్రంపెట్‌కు కొత్త మూతిగొట్టం

న్యూ ఆర్లీన్స్‌లో సెయింట్ బెర్నార్డ్ వీధిలో ఉన్న క్లోతీల్ నార్సిస్ కొట్టుకి సగం మంది పనిమీద వస్తే, మిగతా సగం మంది పాత వాయిద్యాలు చూసి లొట్టలేసుకోవడానికి వస్తారు. బ్యాండు వాళ్ళ ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబాలు బాగుచెయ్యడం ఆమె పని. తండ్రి అనటోల్ దగ్గర నేర్చుకుంది. ఆయన పోయి పదమూడేళ్ళయినా జనం ఇంకా దాన్ని అనటోల్ కొట్టు అనే అంటారు. యాభై రెండేళ్ళు వచ్చిన క్లోతీల్ ఆ మాట పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. బ్యాండులో ట్రంపెట్ ఊదే హిలేర్ ఒలివార్ అన్నప్పుడు మాత్రం ఆమెకి ఎక్కడో చురుక్కుమంటుంది.

హిలేర్‌కి డెబ్బై ఎనిమిది. ఆయన ఊదే ట్రంపెట్ ఆయనకంటే తొమ్మిదేళ్ళు పెద్దది, 1929లో తయారైంది. గురువు పోయాక గురుపత్ని తెచ్చి చేతిలో పెట్టినప్పుడు హిలేర్‌కి ఇరవై ఏళ్ళు. అప్పటినుంచి మరో ట్రంపెట్ ముట్టలేదు. వరదొచ్చిన ఏడు ఇంట్లోంచి ఆయన బయటికి తెచ్చుకున్నది దాన్నీ, మందుల సంచినీ మాత్రమే. కొత్తవాటిలో స్వరం గూట్లో పెట్టిన గుడ్డులా కదలకుండా ఉంటుందట. ఈ పాతదాని ఇత్తడి పల్చన, గొట్టం సన్నం. ఊపిరి తగలగానే పలుకుతుంది, స్వరాన్ని ఎటు వంచితే అటు వంగుతుంది. కింది స్థాయిలో ఒకటి రెండు స్వరాలు కాస్త పక్కకి పోతాయి. వాటిని ఆయన ఇంట్లో పేచీకోరు పిల్లల్ని బుజ్జగించినట్టు పెదవితోనే సరిచేసుకుంటాడు. ఊళ్ళో ట్రంపెట్ ఊదేవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు బతిమాలి, దానిలో ఒక్క పాట ఊది, వదల్లేక వదల్లేక తిరిగి ఇచ్చినవాళ్ళే.

హిలేర్‌కి ఒక పట్టుదల ఉంది. తయారైన రోజు ఎలా ఉందో దాని ఒళ్ళు ఇప్పటికీ అలాగే ఉందనీ, పరాయి ఇత్తడి దానికి గోరంత కూడా తగల్లేదనీ కనిపించినవాళ్ళందరికీ చెబుతాడు. భాగాలు మార్పించుకున్నవాళ్ళని చూస్తే ఆయనకి జాలి. క్లోతీల్ ముందు కూర్చుని కూడా అదే పాట.

"మీ నాన్న దీన్ని కడిగి, తుడిచి ఇచ్చేవాడంతే, బేబీ. చెయ్యి పెట్టకుండా ఊరుకోవడం కూడా ఒక విద్యే."

ఆయన ఈ ఊరి పద్ధతిలో అందర్నీ బేబీ అనే పిలుస్తాడు. క్లోతీల్ మాత్రం చిన్నప్పటినుంచీ ఆయన్ని మిస్టర్ హిలేర్ అనే అంటుంది.

ఆ వేసవిలో ఆమె ఆ ట్రంపెట్ మూతిగొట్టం మీద ఎర్రటి చుక్కలు చూసింది. పెదవి దగ్గరి నుంచి ఊపిరి మొట్టమొదట దూరేది ఆ జానెడు గొట్టంలోకే. ఏళ్ళ తరబడి ఊపిరి తడి తగిలి ఇత్తడి లోపల్నుంచి తినేసినట్టు పల్చబడుతుంది. పైకి ఎర్ర చుక్క తేలిందంటే లోపల ఇక మిగిలిందేమీ లేదన్నమాట. మార్చాలని క్లోతీల్ చెప్పింది. గొట్టం మారిస్తే గొంతు మారుతుందనీ, ఈ వయసులో పరాయి గొంతుతో పాడే ఓపిక తనకి లేదనీ హిలేర్ అన్నాడు. రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పబోతే ఆయన ట్రంపెట్‌ని పెట్టెలో పెట్టేసుకుని లేచాడు.

అక్టోబరులో పేటలోని ఒక క్లబ్బు వాళ్ళు ఏటా బ్యాండు పెట్టి చేసే వార్షికోత్సవం ఊరేగింపులో, మంచి పాట మధ్యలో ఆ గొట్టానికి చిల్లిపడింది. బుస్సుమని గాలి పోతుంటే హిలేర్ ఎడమచేతి బొటనవేలు చిల్లిమీద అదిమిపెట్టి, మిగతా నాలుగు వీధులూ అలాగే ఊదుకుంటూ నడిచాడు. మర్నాడు పొద్దున్నే బొబ్బెక్కిన వేలితో కొట్టుకొచ్చాడు.

"అతుకు వెయ్యి. మార్చకు," అన్నాడు. "మాటివ్వు."

క్లోతీల్ మాటిచ్చింది.

అతుకు వెయ్యాలన్నా గొట్టం ఊడదీసి లోపల శుభ్రం చెయ్యాల్సిందే. మంగళవారం ఆమె సన్నటి మంటతో టంకం కరిగించి గొట్టాన్ని మెల్లగా లాగింది. ఇన్నాళ్ళూ ఉంగరంలాంటి బిగింపు కింద దాగిన చోట ఏదో గీత కనబడింది. గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టింది. సూదిమొనతో గీసిన మీసాల చేప. దాని పక్కన 1974.

తండ్రి చేపలవేటలో ప్రాణం పెట్టే మనిషి. తన చేత్తో చేసిన ప్రతి భాగం మీదా ఎవరికీ కనబడని చోట అదే గుర్తు గీసేవాడు. గొట్టం కొలిచి చూసింది. పలచటి రేకుని చుట్టి, అంచులు అతికి, ఉక్కు కడ్డీ మీద సాగదీసి చేసిన గొట్టం. కార్ఖానాలో చేసింది కాదు. నలభై రెండేళ్ళుగా హిలేర్ మురిసిపోతున్న గొంతు ఈ కొట్టులో పుట్టింది.

హిలేర్ ఆ గొప్పలు చెప్పుకున్నప్పుడల్లా నాన్న కొలిమి వైపు తిరిగిపోవడం క్లోతీల్‌కి గుర్తొచ్చింది. మొహమాటమనుకునేది తను. ఆయన నవ్వు దాచుకునేవాడు కాబోలు.

తనూ అలాగే చెయ్యొచ్చు. గుట్టుగా కొత్త గొట్టం వేసి, అతుకేశానని చెబితే ఆయన సంతోషంగా పట్టుకుపోతాడు. కానీ మాటిచ్చింది. అంతకన్నా గట్టి కారణం ఇంకోటుంది. అదే చేస్తే నాన్న పనీ, తన పనీ రెండూ ఉత్త కడగడం కింద జమైపోతాయి. ఆమె హిలేర్‌కి ఫోను చేసింది.

ఆయన వచ్చి భూతద్దం పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. అద్దం బల్లమీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. మొహం ఎర్రబడింది, కోపమో అవమానమో క్లోతీల్‌కి అర్థంకాలేదు. చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది ఆమెకి.

"డెబ్బై నాలుగా?" అన్నాడు చివరికి.

ఆ ఏడు ఏం జరిగిందో అప్పుడు చెప్పుకొచ్చాడు. ముప్ఫై ఆరేళ్ళకే పెదాల్లో పస పోయిందనుకున్నాడట. స్వరం మొద్దుబారింది, పైస్థాయి అందడం లేదు. బ్యాండు మానేసి రేవులో పని ఒక్కటే చేసుకుందామని భార్యతో అనేశాడు. ఆఖరి ప్రయత్నంగా కడిగిపెట్టమని ట్రంపెట్ అనటోల్‌కి ఇచ్చాడు. వారం తర్వాత తీసుకుని ఊదితే కొట్టు దద్దరిల్లింది.

"నా పెదాలు బాగుపడ్డాయనుకున్నా," అన్నాడు హిలేర్. "చర్చిలో మేరీమాతకి కొవ్వొత్తి వెలిగించి మరీ వచ్చా. మీ నాన్న పక్కనే నిలబడి ఆమెన్ అన్నాడు, తెలుసా?"

అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు మళ్ళీ నవ్వులోకి. క్లోతీల్ నీళ్ళిచ్చింది.

"నాన్న ఎందుకు చెప్పలేదంటారు?"

"చెప్పుంటే నేను దాన్ని ముట్టేవాణ్ణి కాదు. రేవులో మూటలు మోస్తూ ఉండేవాణ్ణి. ఆయనకి నా సంగతి తెలుసు." కళ్ళు తుడుచుకున్నాడు. "మరి నువ్వెందుకు చెప్పావు?"

"నేను చేసింది క్లోతీల్ చేసిందని మీరనాలి, మిస్టర్ హిలేర్. కడిగిందని అంటే ఊరుకోను."

ఇన్నేళ్ళుగా తను ఏమంటూ వచ్చాడో ఆయనకి అప్పుడే వినబడినట్టుంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయితే చెయ్యి," అన్నాడు. "నీ చేప కూడా గియ్యి."

తండ్రి ఉక్కు కడ్డీలు గోడకి అలాగే వేలాడుతున్నాయి. క్లోతీల్ పాత గొట్టానికి సరిపోయేది ఏరుకుంది. రేకు కోసి, కాల్చి మెత్తబరిచి, చుట్టి, అతికి, కడ్డీ మీద కొంచెం కొంచెంగా సాగదీసింది. మొదటిది అతుకు దగ్గర చీలింది. రెండోది కుదిరింది. చేప గియ్యడం ఆమెకి చేతకాదు, పీతని గీసింది.

శుక్రవారం హిలేర్ వచ్చి, ముందు కింది స్వరాలు పలికించాడు. పేచీకోర్లు ఇద్దరూ ఎప్పటిలాగే పక్కకి పోయారు. ఆయన మొహం విప్పారింది. తర్వాత ఒక చర్చి కీర్తన నెమ్మదిగా ఊదాడు. స్వరం గుండ్రంగా, వెచ్చగా కొట్టంతా నిండి, పాట ఆగాక కూడా కాసేపు అక్కడే ఉన్నట్టనిపించింది. బాగుందని మాత్రం ఆయన అనలేదు. పైన ఒక స్వరం మరీ నిటారుగా నిలబడుతోందన్నాడు. సరిచెయ్యనా అని క్లోతీల్ అడిగింది. వద్దు, కొత్త కాపురం కదా, ఒకరికొకరం అలవాటు పడతాం అన్నాడు.

ఆ ఆదివారం మరో క్లబ్బు ఊరేగింపు. క్లోతీల్ కొట్టు మూసేసి, బ్యాండు వెనక ఆడుతూ వెళ్ళే జనంలో కలిసి నడిచింది. రెండో వీధికల్లా ఆమె కాళ్ళు వాటంతటవే ఆడసాగాయి, మూడో వీధిలో చేతిరుమాలు తీసి గాల్లో తిప్పింది. పై స్వరం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టింది. హిలేర్ దాన్ని కాస్త కిందనుంచి ఎత్తుకుని, జారుడుగా పైకి తీసుకెళ్ళి, అక్కడ తీరిగ్గా నిలబెడుతున్నాడు. అది ఆయన ఇదివరకు ఎప్పుడూ ఊదని తీరు. పక్కన ట్రాంబోన్ ఊదేవాడు తల తిప్పి చూశాడు.

ఊరేగింపు అయ్యాక ఇద్దరూ దారిలో ఎవరింటి మెట్లమీదో కూర్చుని వేయించిన చేప తిన్నారు. వాల్వులు కూడా వదులయ్యాయి, చూడాలి అన్నాడు హిలేర్ నోట్లో ముద్దతోనే. ట్రంపెట్‌ని రెండు వారాలు కొట్టులో వదిలెయ్యమంది క్లోతీల్. అది లేకుండా ఒక్క వారం కన్నా ఉండలేనన్నాడు ఆయన. బేరమాడుకుని పదిరోజుల దగ్గర ఒప్పుకున్నారు. క్లోతీల్ తన పళ్ళెంలోంచి ఇంకో ముక్క తీసి ఆయన పళ్ళెంలో వేసింది.