పాప నహీ హై

నేను పోయానన్న సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది.

టాటానగర్ యార్డులో రైలు పెట్టెలు కడిగే కాంట్రాక్టు పని నాది. పొద్దున్న షిఫ్టు దిగి టీ తాగుతుంటే మెసేజ్ వచ్చింది. హిందీలో ఉంది, కూడబలుక్కుని చదివాను. హేమ స్కాలర్‌షిప్ దరఖాస్తుకు తండ్రి మరణ ధ్రువపత్రం ఇంకా అందలేదట. ఈ సాయంత్రం ఐదులోపు ఇవ్వకపోతే దరఖాస్తు రద్దట. మా అయ్య పోయి ఇరవై ఏళ్లయింది, ఆయన కాగితం వీళ్లకెందుకా అనుకున్నాను ముందు. మళ్లీ చూస్తే స్వర్గీయ పోలయ్య అని ఉంది. పోలయ్యను నేనే. టీ వొలికి కాలి మీద పడింది, కాలిన సంగతి కూడా తెలియలేదు.

హేమ నా కూతురు. నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. స్కాలర్‌షిప్ వస్తే చేరుతుంది, రాకపోతే లేదు. అందులో రెండో మాట లేదు.

బాగ్‌బేరాలో మా గదికి ఎలా వచ్చిపడ్డానో నాకే గుర్తులేదు. నా భార్య అమ్మణ్ణి కత్తిపీట ముందు కూచుని కూర తరుగుతోంది. ఫోన్ దాని ముఖానికి అడ్డం పెట్టాను.

"ఏటే ఇది? నాను సచ్చిపోనానని రాయించినావా?"

ముందు నవ్వింది. నేను నవ్వడం లేదని చూసి ఆగిపోయింది.

ఆ దరఖాస్తు నింపించింది అమ్మణ్ణే. ఆ రోజు హేమ ఏదో ఇంటర్వ్యూకని రాంచీ వెళ్లింది, నేను డ్యూటీలో ఉన్నాను. చివరి తేదీ ముంచుకొస్తోందని కాగితాలన్నీ సంచిలో వేసుకుని ఆన్‌లైన్ దుకాణానికి ఒక్కత్తే పోయింది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా దాని హిందీ కూరగాయల బేరం దగ్గరే ఆగిపోయింది. దుకాణంవాడు ఏమడిగాడు, నువ్వేం చెప్పావు అని ఒక్కో మాటా లాగాను.

"పాపా హై? అన్నాడు. పాప రాంచీ ఎల్లింది కదా, నహీ హై అన్నాను. మరి కౌన్ హై అన్నాడు. నాన్న అన్నాను. తప్పేటి?"

నా బుర్ర గిర్రున తిరిగింది. వాళ్లకు పాపా అంటే తండ్రి. నానా అంటే తల్లికి తండ్రి. మొగుడి పేరు చెప్పకూడదని ఇది నాన్న అంది, వాడికి తాత అని వినపడింది. పైగా మన ఆడవాళ్లు పాపిట్లో సిందూరం పెట్టుకోరు. ఈ ఊళ్లో పాపిట ఖాళీగా కనిపిస్తే మొగుడు లేడనే అనుకుంటారు. వాడు అయ్యోపాపం అనుకుని అలాగే టైపు కొట్టేశాడు. పంపే ముందు సరిచూసుకోమని స్క్రీన్ ఇటు తిప్పితే ఇది తలాడించింది. చదవడం రానప్పుడు చదివేవాళ్లు వచ్చేదాకా ఆగొద్దా అని గట్టిగా అరిచాను. పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు. అమ్మణ్ణి పుస్తెలు గుప్పిట్లో పట్టుకుని కూలబడిపోయింది.

అప్పుడు హేమ లోపలినుంచి వచ్చింది.

"అమ్మ కో మత్ డాంటో. ముఝే పతా థా."

అమ్మను తిట్టొద్దట, తనకు ముందే తెలుసట. రాంచీ నుంచి రాగానే దరఖాస్తు ఫోన్‌లో తెరిచి చూసిందట. పన్నెండు రోజులయింది. దిద్దుకోవచ్చనీ తెలుసట. తండ్రి లేని పిల్లల జాబితా చిన్నది, అందులో తన పేరు ఆరోది. మామూలు జాబితాలో అయితే చాలా కిందకు పోతుందని ఊరుకుంది. మరణపత్రం అడుగుతారని అనుకోలేదట.

పన్నెండు రోజులు ఆ పిల్ల నాకు అన్నం పెట్టింది. డ్యూటీకి వెళ్తుంటే నీళ్ల సీసా చేతికిచ్చింది. నాకు కోపం రావాలి, రాలేదు. భయమేసింది. ఒకసారి యార్డులో పెట్టెలు కదలడం చూసుకోకుండా పట్టాల మధ్యకు దిగితే ఎవరో చొక్కా పట్టి లాగారు. ఆ రోజు కూడా నాకింత దడ పుట్టలేదు.

ముగ్గురం స్కాలర్‌షిప్ ఆఫీసుకు పోయాం. అక్కడి మేడమ్ నా ఆధార్ చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఆధార్ చూసింది. పేరులో తప్పులు, పుట్టిన తేదీలో తప్పులు రోజూ వస్తాయి గాని పోయినాయన వచ్చి నిలబడటం ఇదే మొదలంది. దిద్దడం ఒక్కసారే కుదురుతుందట. దిద్దితే ఈ జాబితాలో పేరు తీసేస్తారు, మామూలు జాబితాలో వస్తుందన్న నమ్మకం లేదు. దిద్దమంటారా అని అడిగింది.

ఔననడానికే నోరు తెరిచాను. పక్కన హేమ పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది. దాని ముఖం చూశాక నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. ఆ మరణపత్రం ఎక్కడ చేయిస్తారు మేడమ్ అని హిందీలో అడిగాను.

ఆ మాట అన్నది నేనేనా అని నేనే బిత్తరపోయాను. మేడమ్ కలం కింద పెట్టేసింది. అమ్మణ్ణికి అర్థం కాలేదు, అర్థమై ఉంటే అక్కడే పడిపోయేది.

హేమ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. ఊహ తెలిసినప్పటినుంచి నాకు హిందీలోనే జవాబు చెప్పే పిల్ల తెలుగులో అంది.

"ఒద్దు నాన్నా. నువ్వుండాల."

తర్వాత మేడమ్ వైపు తిరిగి దిద్దేయమని చెప్పింది. మేడమ్ దిద్దింది. మామూలు జాబితాలో హేమ పేరు నలభై మూడోది. ఇచ్చేది నలభై మందికి.